షాకుల్ని ఉన్నచోట ఉండనివ్వండాయ్

ఈ మధ్య రాజమండ్రిలో కంపెనీ ఇచ్చిన ఎత్తులోనే తిరిగే థార్ బండి కనపడ్డం గగనమైపోయింది. కొన్న నెల తిరక్కుండానే రెండంగుళాలో నాలుగంగుళాలో లేపేస్తున్నారు. లావుపాటి టైర్లు, ముందు విన్చి, టాపు మీద వరసగా లైట్లు. సాయంత్రమయ్యేసరికి పుష్కర ఘాటు దగ్గర ఆపి నలుగురూ చుట్టూ నిలబడి వీడియోలు. ఇంట్లో మామ్మగారు ఎక్కాలంటే స్టూలు వెయ్యాలి. ఎవరి డబ్బు వాళ్ళది, ఇంతవరకూ నాకేం అభ్యంతరం లేదండి. లేపడంతో ఊరుకోవట్లేదు, అదీ గొడవ. "షాకులు కూడా రీలొకేషన్ చేయించేయమంటారా బాబాయ్ గారూ?" అని నా వీధి అరుగు మీదకొచ్చి కూర్చుంటున్నారు. అంటే షాకబ్జార్బర్లు బిగించే పిన్నుల్ని చోటు మార్చి జరపడమన్నమాట. బండి కిందకి ఎప్పుడైనా దూరావా నాన్నా అంటే, "ఫొటో ఉందండి" అని ఫోను తీసి చూపిస్తాడు!

మా రోజుల్లో జీపుని లేపాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. అది పుట్టడమే ఎత్తుగా పుట్టింది. మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలెట్టారు. తర్వాత ఎత్తు బానెట్టు సీజే-3బీ వచ్చింది. గోదారి జిల్లాల్లో తాసీల్దారు గారైనా, కాలవల ఇంజనీరు గారైనా, ఫారెస్టు రేంజరైనా అందరికీ అదే బండి. ఎలక్షన్లొస్తే అన్ని పార్టీలకీ అదే, జెండా ఒక్కటే మారేది. 1985లో ఎమ్ఎమ్ 540 దిగింది, ప్యూజో డీజిల్ ఇంజనుతో. ఆ వెనకాల కమాండర్లు. గోకవరం నుంచి రంపచోడవరం వెళ్ళే కమాండర్‌లో లోపల ఎంతమందో బయట అంతమంది ఉండేవారు. వెనక రాడ్డు పట్టుకుని వేలాడేవాళ్ళు టిక్కెట్టు గురించి బేరాలాడేవారు కూడానూ.

వీటన్నిటికీ ముందూ వెనకా కమాన్ కట్టలే. పట్టీలు మీద పట్టీలు, యూ బోల్టులు, సెంటర్ బోల్టు. కట్ట బరువు మోస్తుంది. షాకు ఏ బరువూ మొయ్యదు. గతుకులో పడి కమాను ఒకసారి నొక్కుకుంటే ఇక ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపుని ఆపడమే షాకు ఉద్యోగం. లోపల నూనె, ఆ నూనెలో సన్నటి కంతలున్న పిస్టను, నూనె కంతల్లోంచి దూరలేక దూరుతూ ఉంటే ఊపు చస్తుంది. ఇంతేనండి యంత్రం. ఈ ముక్క తెలిసినవాడు షాకు మార్చి బండి లేపుదామని అనడు. నన్నడిగినవాళ్ళలో సగంమంది అదే అంటున్నారు!

పాత విల్లీస్‌కి షాకు కింది పిన్ను ఎక్కడుంటుందో చూశారా? కమాన్ కట్ట యాక్సిల్ హౌసింగ్ కింద నుంచి వెళ్తుంది. ఆ కట్ట కింద యూ బోల్టుల ప్లేటు. ఆ ప్లేటుకే పిన్ను. అంటే బండి మొత్తంలో నేలకి దగ్గరగా వేలాడే వస్తువుల్లో అదొకటి. కోనసీమ కాలవ గట్ల మీద తిరిగినంత కాలం దానికే బాధా లేదు, తగలడానికి అక్కడ రాయుంటే కదా. ఏజెన్సీ కెక్కితే అసలు కథ. ఆ రోజుల్లో పేపరు మిల్లుకి వెదురు కొండల మీంచి దిగేది. వెదురు నరికే కూపుల్లోకి వెళ్ళే దారులు వాగుల్లోంచే. గుండ్రాళ్ళ మీద ముందు చక్రం ఎక్కి దిగిందంటే కింది పిన్ను ఠంగున మోగేది. పిన్ను వంగిపోయేది, లేదా షాకు గొట్టం సొట్టపడి పిస్టను బిగుసుకునేది. ఆ దెబ్బలకి తట్టుకోలేక కొందరు మేస్త్రీలు కింది పిన్నుని ప్లేటు మీంచి తీసేసి హౌసింగ్ మీదకి ఎక్కించి, పైది ఛాసిస్ మీద ఇంకాస్త పైకి జరిపేవారు. దానికి పేరేం పెట్టలేదు. "పిన్నులు పైకెట్టించాం" అనుకునేవాళ్ళం. విరిగింది కాబట్టి జరిపారు, మళ్ళీ విరక్కుండా జరిపారు. షోకు కోసం ఎవడూ జరపలేదు.

ఇప్పుడు సంగతి తలకిందులైంది. ఏం విరగలేదు, ఏం తగల్లేదు, బండి ఇంకా మారేడుమిల్లి మొహం కూడా చూళ్ళేదు. పెట్టెలో కిట్టు మాత్రం వచ్చేసింది. రంగు రంగుల బ్రాకెట్లు, పైన స్టిక్కరు. వచ్చింది కాబట్టి బిగించాలి!

సరే, తిట్టడం నా వయసుకి తేలికే. అడిగినవాడికి జవాబు చెప్పాలి కదా. ఏ అబ్బాయొచ్చినా నేను చెప్పేది ఇదే. ముందు జాకీ తియ్యి, టేపు తియ్యి. షాకు విప్పేసి పక్కన పెట్టు. స్టాండ్ల మీద బండి నిలబెట్టి, ఒక చక్రాన్ని పూర్తిగా కిందకి వేలాడనియ్యి. పై పిన్ను నుంచి కింది పిన్నుకి ఎన్ని అంగుళాలో రాసుకో. తర్వాత ఆ చక్రం కింద జాకీ పెట్టి బంపు రబ్బరు నొక్కుకునే దాకా లేపు. మళ్ళీ కొలువు. మధ్యలో టైరు మడ్‌గార్డుకి తగులుతుందా, బ్రేకు పైపు లాగేస్తుందా, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ జాయింట్ పట్టేస్తుందా, అన్నీ అక్కడే కనపడతాయి. బ్రేకు పైపు చాలకపోతే షాకుల సంగతి తర్వాత, ముందు పైపు సంగతి చూడు. ఒక పూట పని. చేతులకి గ్రీజు అంటుకుంటుంది, అందుకే ఎవడూ చెయ్యట్లేదు.

ఆ రెండు అంకెలొచ్చాక లెక్క చిన్నది. షాకంటే ఒక గొట్టం, అందులోకి దూరే ఒక రాడ్డు. కాబట్టి మూసినప్పటి పొడవు ఎప్పుడూ తెరిచినప్పటి పొడవులో సగం కంటే ఎక్కువే ఉంటుంది. బజార్లో దొరికే పొడుగు షాకుల్లో చాలావరకు మూసింది 1 అయితే తెరిచింది 1.6, మహా అయితే 1.7. నీ బండికి చక్రం పూర్తిగా లేచినప్పుడు పిన్నుల మధ్య 12 అంగుళాలు, వేలాడినప్పుడు 19 అనుకో. 19ని 12తో భాగిస్తే 1.6 లోపే. దానికి తగ్గ షాకు దొరుకుతుంది. ఉన్న పిన్నుల మీదే బిగించుకుని ఇంటికెళ్ళు. అదే లేచినప్పుడు 11, వేలాడితే 20 వచ్చిందనుకో. 1.8 దాటింది. ఆ కొలతకి షాకు లేదు. వేలాడినప్పటికి సరిపోయేది తెచ్చావా, చక్రం లేచినప్పుడు బంపు రబ్బరు కన్నా ముందే షాకు మూతబడి, బండి బరువంతా పిన్ను మీద పడుతుంది. ఇందాక బరువు మొయ్యదన్నానే, అలాంటప్పుడు మోస్తుంది, మోసి విరుగుతుంది. లేచినప్పటికి సరిపోయే పొట్టిది తెచ్చావా, గోతిలో చక్రం దిగాల్సినంత దిగదు, షాకే గొలుసులా పట్టి ఆపేస్తుంది, టైరు గాల్లో తిరుగుతుంది. అప్పుడు పై పిన్నుని మూడంగుళాలు పైకి జరిపితే రెండు కొలతలకీ మూడేసి కలుస్తాయి. 14, 23. భాగిస్తే 1.64. ఇప్పుడు షాకు దొరుకుతుంది. జరపడం వల్ల అసలు లాభం ఇదొక్కటేనండి. పొడుగు షాకుకి చోటు దొరుకుతుంది. ఇంతకు మించి మహత్యం ఏం లేదు.

రెండంగుళాలు లేపి, బంపు రబ్బర్లు కూడా రెండంగుళాలు దించుకున్నవాడికి జరపడంతో పనే లేదు. రెండంగుళాల పొడుగు షాకు చాలు. అదీ వద్దనుకుంటే పాత షాకుకే కింది పిన్నుని పైకెత్తే బ్రాకెట్టు వేసి, దాన్ని మళ్ళీ మధ్యలోకి తెచ్చుకోవచ్చు. ఆ బ్రాకెట్టుతో చక్రం లేచి దిగే ఆట ఏం పెరగదు, పోయింది తిరిగొస్తుంది. ఖర్చు తక్కువ.

ఇంకో సంగతుంది, దీన్ని కిట్లు అమ్మేవాళ్ళు చెప్పరు. షాకుని జరిపేటప్పుడు చోటు చాలక చాలామంది దాన్ని పక్కకి వాల్చి పెట్టేస్తారు. నిటారుగా ఉన్న షాకు చేసే పనిని వాలిన షాకు చెయ్యలేదు. చక్రం అంగుళం కదిలితే షాకు అంగుళం కదలదు, దాని బలం కూడా నిటారుగా పడదు. రెండు రకాల నష్టం కాబట్టి లెక్క గట్టిగానే తగులుతుంది. 30 డిగ్రీలు వాలిస్తే మిగిలే పని 75 శాతం, 45 డిగ్రీలు వాలిస్తే సరిగ్గా సగం. వేలకి వేలు పోసి కొత్త షాకు కొని, సగం పనే చేసేలా బిగించుకుని, "ఏంటండీ బండి ఇంకా ఊగుతోంది" అంటే ఏం చెప్పాలి! షాకు చక్రానికి దగ్గరగా ఉంటే బండి పక్కలకి వాలడం తగ్గుతుంది, లోపలికి జరిపే కొద్దీ అదీ పోతుంది. జరపడం జరిపి ఉన్నదాని కంటే చెడగొట్టుకున్న బండ్లు నేను చూసినవాటిలో తక్కువేం లేవు.

వెల్డింగు సంగతి చెప్పక్కర్లేదు. మా రోజుల్లో ఛాసిస్ మీద రాడ్డు పెట్టాలంటే మేస్త్రీ మూడుసార్లు ఆలోచించేవాడు. ముందు రంగు గీకి, తుప్పు గీకి, కింద ప్లేటు వేసి, ఆ ప్లేటు మూలలు గుండ్రంగా కోసి, అప్పుడు పై పిన్ను. ఎడమకీ కుడికీ మధ్య గొట్టం వేసి కట్టేవాడు, గుంజితే రెండూ కలిసి ఓర్చుకునేలా. ఇప్పుడు మధ్యాహ్నం బండి ఇచ్చి సాయంత్రం తీసుకెళ్తున్నారు. మూల పదునుగా వదిలేసిన చోట ఛాసిస్ చీలుతుంది. చీలేది పుష్కర ఘాటు దగ్గర కాదు, ఫోను కూడా పలకని కొండ మలుపులో.

ఇక ఏ బండికి కావాలి, ఏ బండికి వద్దు. 2020లో వచ్చిన కొత్త థార్‌కి ముందు చక్రాలు విడివిడిగా ఊగేవి, షాకూ స్ప్రింగూ ఒకటే కట్టగా ఉంటాయి. అక్కడ జరపడానికి విడి షాకే లేదు. పైన దిమ్మ పెట్టి లేపితే ముందు చక్రం కిందకి దిగే ఆట తగ్గిపోతుంది, యాక్సిల్ జాయింట్లు వంకరగా తిరుగుతాయి. వెనకాల హౌసింగ్ ఉంది గాని, అక్కడా షాకూ స్ప్రింగూ ఒకటే కట్ట, కాబట్టి అక్కడా అదే మాట. ఆ బండికి కంపెనీ ఇచ్చిందే నేల నుంచి 226 మిల్లీమీటర్లు, 650 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో దిగొచ్చని చెప్పింది. ఇంకేం కావాలి నాయనా మీకు? మా సీజే-3బీకి ఇందులో చాలా లేవు, అయినా వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది, వచ్చింది. 2023లో వచ్చిన జిమ్నీకి ముందూ వెనకా హౌసింగులే, స్ప్రింగు వేరు, షాకు వేరు. అక్కడ పొడుగు షాకు వెయ్యడం సుళువు. అయితే దాన్ని లేపితే అడ్డంగా ఉండే రాడ్డు హౌసింగుని ఒక పక్కకి గుంజుతుంది, స్టీరింగు కూడా తేలికై రోడ్డు మీద దిక్కులు చూస్తుంది. షాకు కన్నా ముందు ఆ రాడ్డు సంగతి చూసుకోవాలి. 2010 నాటి పాత థార్‌కి వెనక కమాన్లే, ముందు మాత్రం మెలితిరిగే రాడ్డు. దానికి వెనకాల మాత్రమే ఏదైనా చెయ్యొచ్చు.

నిజంగా పిన్నులు జరపాల్సిన బండ్లు ఏవంటే, కట్టని హౌసింగ్ కింద నుంచి తీసి పైకెక్కించిన పాత జీపులు. అలా ఎక్కిస్తే బండి ఒక్కసారిగా ఐదంగుళాల దాకా లేస్తుంది. పాత పిన్నులు ఎలాగూ పనికిరావు, ప్లేటు కిందనున్నది పైకొచ్చేస్తుంది. అక్కడ కొలిచి, నిటారుగా, చక్రానికి దగ్గరగా, టైరు పూర్తిగా తిప్పినా తగలకుండా కొత్త పిన్నులు పెట్టాలి. అది తప్పనిసరి పని. అలాంటి జీపుతో రాళ్ళ దారిలో తిరిగేవాడు నా దగ్గరకొస్తే నేనే దగ్గరుండి చేయిస్తాను.

కానీ రాళ్ళ దారి మనకెక్కడుంది? రాజమండ్రి నుంచి కిందకి ధవళేశ్వరం దిగితే సముద్రం దాకా ఒక గుట్ట లేదు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఇక్కడ రోడ్డంటే కాలవ గట్టు. ఆ పక్క చేను, ఈ పక్క కాలవ. వానొస్తే నల్లరేగడి టైరుకి పట్టి చక్రం డ్రమ్మంత అవుతుంది. అక్కడ బండి దిగబడిపోతే షాకు ఎంత ఆడిందన్నది ఎవడికి కావాలి? కావాల్సింది టైరు గాట్లు, ఫోర్ వీల్, గేరు ఎప్పుడు మార్చాలో తెలిసిన కాలు. 1986 ఆగస్టు వరదల్లో గట్లు తెగి లంకలు మునిగినప్పుడు ఈ మొద్దు జీపులే పులిహోర పొట్లాలు మోసుకుని, ఎక్కడిదాకా గట్టుందో అక్కడిదాకా వెళ్ళాయి. వాటి షాకుల్లో సగం అప్పటికే నూనె కారిపోయి ఉన్నవే. నరసాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగినా, కోటిపల్లిలో ఎక్కి ముక్తేశ్వరం దిగినా పలకల మీద ఊగకుండా నిలబడే బండే మేలు. ఎత్తు పెరిగే కొద్దీ ఊపు పెరుగుతుంది, పంటు వాడి చూపు కూడా పెరుగుతుంది! అంతర్వేది ఇసకలోకి వెళ్ళేవాడు టైర్లలో గాలి తగ్గించుకోవాలి, ఇంటికొచ్చి కింద మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు గాలికి పిన్నులు తుప్పెక్కి, రెండేళ్ళకి విప్పుదామంటే పానా తిరగదు.

ఏజెన్సీ వేరు, ఒప్పుకుంటాను. రంపచోడవరం దాటి, మారేడుమిల్లి దాటి, గుడిస కొండెక్కే దారిలో ఒక చక్రం గోతిలో, ఒకటి బండ మీద ఉన్నప్పుడు షాకు ఆటకి విలువుంది. అక్కడ అద్దె జీపులు నడిపే కుర్రాళ్ళని చూడండి. వాళ్ళ బండ్లకి స్టిక్కర్లుండవు, పెయింటే సరిగా ఉండదు. ఏ మలుపులో ఏ చక్రం లేస్తుందో వాళ్ళకి తెలుసు. 'పుష్ప' సినిమా ఆ అడవుల్లో తీశారని తెలిశాక శని ఆదివారాల్లో ఘాటు నిండా బండ్లే. వాటిలో లేపిన బండ్లు చాలా ఉంటాయి, ఆ రాళ్ళ దారిలోకి దిగేవి మాత్రం తక్కువ. మిగిలినవన్నీ జలతరంగిణి దగ్గర తారు రోడ్డు పక్కన బొంగు చికెన్ తింటూ ఉంటాయి.

ఇంత సణిగాను కాబట్టి ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఈ కాలం పిల్లలు దిగబడిన బండిని లాగడానికి తెచ్చుకునే నైలాను పట్టా మా ఇనప గొలుసు కన్నా వెయ్యి రెట్లు నయం. గొలుసు తెగితే మనిషి కాళ్ళు తీసేసేది. గాలి కొట్టే చిన్న పంపు కూడా బండిలోనే పెట్టుకుంటున్నారు, మేము సైకిలు పంపుతో చచ్చేవాళ్ళం. నడుం నొప్పులు మాకు ఊరికే రాలేదు. ఈ నడుం చూసి కూడా మా బండ్లే గొప్పవంటే నవ్వుతారు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సంగతి మర్చిపోవద్దు. మా రోజుల్లో ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, లైట్లు చూసి, హారను కొట్టించి సంతకం పెట్టేవాడు. ఇప్పుడు చట్టం అలా లేదు. కంపెనీ ఇచ్చిన తీరుకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో 182ఏ వచ్చింది. అనుమతి లేకుండా బండిలో భాగాలు మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, కాకపోతే రెండూ. లేపడం ఒకటి, టైర్లు ఒకటి, ఛాసిస్‌కి వెల్డింగు ఒకటి అని వాళ్ళు లెక్కేసుకుంటూ పోతే ఏమవుతుందో మీరే చూసుకోండి. ప్రమాదం జరిగాక బీమా వాడు ఫొటోలు అడిగినప్పుడు పై పిన్ను వెల్డింగు కనపడితే ఆ ముచ్చట ఇంకోటి.

కాబట్టి నా తీర్పు ఇదండి. డెల్టాలో తిరిగే బండికి, రెండంగుళాల లోపు లేపిన బండికి, శని ఆదివారాల్లో మారేడుమిల్లి తారు రోడ్డెక్కే బండికి షాకు పిన్నులు జరపడం శుద్ధ దండగ. కట్టలు పైకెక్కించిన పాత జీపుకి, కింది పిన్ను రాళ్ళకి తగిలి ఒకసారైనా వంగిన బండికి మాత్రం జరపండి, నిటారుగా జరపండి, చెయ్యి తిరిగిన వెల్డరుతో చేయించండి. ఏ బండైనా సరే, నన్ను అడగడానికొచ్చేటప్పుడు ఫోనులో ఫొటో వద్దు, చక్రం లేపి ఒకటి, వేలాడదీసి ఒకటి, రెండు కొలతలు కాగితం మీద రాసుకుని రండి. కాఫీ మా ఇంట్లోనే తాగుదురు గాని.